గవర్నమెంటు రంగు

మాణిక్యమ్మ హోటల్లో ఇడ్లీలు గులాబీ రంగుకి తిరిగిన రోజున, రెండో ప్లేటు అడిగినవాడు చిదంబరం ఒక్కడే. ఆకలేసి అడగలేదు. మిగతావాళ్లంతా ప్లేట్లు వదిలేసి లేచిపోతుంటే ఆమె మొహం చూడలేక అడిగాడు.

అద్దకాలపేటలో కాలువ రంగు చూసి కాలం చెప్పేవాళ్లు. పెళ్లిళ్ల ముందు ఎరుపు. బడులు తెరిచే ముందు నీలం. అయ్యప్ప దీక్షల ముందు నలుపు. ఊళ్లో బట్టలకి రంగులు అద్దేవాళ్లు తొట్లలో మిగిలిన నీళ్లు కాలువలోకి వదిలేవారు. కాలువ ఒడ్డునే మాణిక్యమ్మ హోటలు, హోటలు వెనక బావి. కాలువలో ఏది పారితే బావిలో అదే ఊరేది, కాస్త ఆలస్యంగా, కాస్త పలచగా. ఇన్నేళ్లూ పలచగా ఉంది కనక సాంబారులో కలిసిపోయింది. ఆ ఏడాది పెళ్లిళ్లు ఎక్కువ.

"తిను నాయనా, విషమేం కాదులే," అని నవ్వింది మాణిక్యమ్మ. తర్వాత నవ్వు ఆపేసి, "తెల్లగా లేకపోతే దాన్ని ఇడ్లీ అంటారా ఎవరైనా?" అంది.

ఆమెకున్నది ఆ హోటలొక్కటే. భర్త పోయాక ఆ పొయ్యి మీదే నిలబడింది. అది మూతపడితే తెనాలిలో చెల్లెలింట ఒక మూల మంచం సిద్ధంగా ఉంది. "చెల్లెలు మంచిదే. అదే నా భయం. మంచివాళ్లింట్లో కోప్పడటానికి కూడా వీలుండదు," అనేది.

చిదంబరం జల వర్ణ నివారణ మండలిలో అసిస్టెంట్ అనలిస్టు. మండలి రోజూ కాలువ నీళ్లు సీసాలో పట్టించేది. అతను సీసాని వెలుతురులో పట్టి చూసి "ఎరుపు" అని రాసేవాడు. మరో రోజు "నీలం" అని రాసేవాడు. నివారణ అంతవరకే. నలభై దాటినా పెళ్లి కాలేదు. చేసుకొమ్మని ఎవరూ గట్టిగా అడగలేదు, వద్దని అతనూ గట్టిగా అనలేదు. గట్టిగా ఏదీ అనకపోవడం అతని స్వభావం. ఆ స్వభావమంతా మెడలో ఉండేది. ఎదుటివాడు మాట పూర్తి చేయకముందే ఆ మెడ సరేనంటూ ఊగేది. లోపల మనసు "ఇది తప్పు కదా" అని మెల్లగా లేచి కూర్చునేసరికి, పైన తల ఒప్పేసుకుని ఉండేది. కోపిష్టి తండ్రి ముందు చిన్నప్పుడు పట్టుబడిన ఊపు అదని అతనికి తెలుసు. కారణం తెలిస్తే మెడ ఆగుతుందని ఒకప్పుడు ఆశపడ్డాడు కూడా.

ఆ సాయంత్రం మాణిక్యమ్మ చట్నీకి శనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని తనూ ఒలవసాగాడు. ఆలోచనలో పడి తొక్కల్ని చేటలో వేయడం మానేసి, ముందున్న గ్లాసులో వేస్తూ పోయాడు.

"నీ మనసు ఎక్కడుంది నాయనా? మంచినీళ్లలో చెత్త పోస్తున్నావు."

"మంచినీళ్లేం కాదులెండి పిన్నిగారూ," అన్నాడు. నిజమే, అవి గులాబీ నీళ్లు. గ్లాసు పక్కన పెట్టి ఇద్దరూ మర్చిపోయారు.

మర్నాడు పొద్దున మాణిక్యమ్మ ఆ గ్లాసు కడగబోయి ఆగింది. "ఇటు రా ఒకసారి. నిన్నటి ఎరుపేదీ?"

ఎరుపు తొక్కల్లో ఉంది. నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. ఆ టీ రంగు తొక్కదేనని చిదంబరానికి అర్థమైంది. తొక్కల్ని ముందే బాగా ఉడికించి, కడిగి, ఎండబెట్టి వేసి చూశాడు. ఈసారి నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అడుగున చిల్లులున్న కుండ తెచ్చి, లోపల గుడ్డ పరిచి, గుడ్డ మీద ఆ తొక్కలు నింపి, బావినీళ్లు మెల్లగా వంచారు. వారం తిరిగేలోపు మాణిక్యమ్మ ఇడ్లీలు మళ్లీ తెల్లబడ్డాయి. వెళ్లిపోయినవాళ్లు ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నారు. ఆమె కూడా ఏమీ జరగనట్టే వడ్డించింది. చిదంబరం ప్లేటులో మాత్రం అడగకుండానే ఇంకో ఇడ్లీ పడింది.

ఎరుపెక్కిన తొక్కల్ని ఏం చేయాలో అతనికి తోచలేదు. కాల్చొద్దన్నాడు, కాలువలో పారేయొద్దన్నాడు. గోనెసంచిలో కట్టించి, తడవకుండా పెరట్లో చూరు కింద పెట్టించాడు. "దీని సంగతి ఇంకా ఆలోచించాలి పిన్నిగారూ," అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ మెచ్చుకోలు కోసం లోపల ఒక పసివాడు చెయ్యి చాచుకుని కూర్చునే ఉంటాడు. మండలి సమావేశంలో "ఇతర అంశాలు" అన్నప్పుడు చిదంబరం లేచి, కుండ సంగతి చెప్పాడు.

చైర్మన్ త్రిపురాంతకం గారు కళ్లజోడు తీశారు. ఆయన కళ్లజోడు తీస్తే చరిత్ర మొదలవుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

"మిత్రులారా, ఇన్నాళ్లూ మనం ఒలిచి పారేసింది తొక్క కాదు. జాతి సంపద."

బల్ల చుట్టూ చప్పట్లు మోగాయి. చిదంబరం చెవుల దాకా వెచ్చబడ్డాడు. ఆ వెచ్చదనంలో ఉండగానే "వర్ణ విముక్తి" అనే పథకం పుట్టింది, అతను దానికి సాంకేతిక సలహాదారు అయ్యాడు, జిల్లాలో ప్రతి శనక్కాయ తొక్కా మండలిదేనన్న తీర్మానానికి అతని మెడ ఊగింది.

కాలువ పక్కన పెద్ద సిమెంటు తొట్లు లేచాయి. తొక్కలు కావలసి వచ్చాయి. వ్యాపారులు తొక్కలు విడిగా అమ్మరు, కాయలే అమ్ముతారు. మండలి కాయలే కొని, ఒలిపించి, తొక్కల్ని భద్రంగా గోదాములో పెట్టింది. గింజలకి పథకంలో చోటు లేదు. చోటు లేనిది వ్యర్థం కిందికి వస్తుంది. వ్యర్థాన్ని ఆరుబయట రాశి పోశారు. సిబ్బందిలో ఒకరిద్దరు రెండు గింజలు నోట్లో వేసుకున్నట్టు తెలియగానే, "పథక వ్యర్థాలను భుజించుట ఆరోగ్య నియమాలకు విరుద్ధము" అని గోడ మీద నోటీసు వెలిసింది. నోటీసు చదవడం రాని ఉడతలు మాత్రం ఒళ్లు చేశాయి.

తొట్లు పనిచేశాయి. కాలువ నీళ్లు ఎర్రగా లోపలికి వెళ్లి తెల్లగా బయటికి వచ్చాయి. ఆ రోజుల్లో చిదంబరం నిజంగా సుఖపడ్డాడు. అప్పుడు ఎర్రబడ్డ తొక్కల ప్రశ్న వచ్చింది. అతను ఆలోచించాల్సి ఉందన్న ప్రశ్నే. అతనికంటే ముందు భుజంగరావు గారు ఆలోచించారు.

భుజంగరావు డిప్యూటీ డైరెక్టరు. ఆయనకి అంతవరకు ఏ విభాగమూ లేదు. "రంగు పట్టిన తొక్క ప్రమాదకర పదార్థం, పారేయడానికి వీల్లేదు," అన్నారాయన. "జాతి సంపద కనక పారేయకూడదు కూడా. కాబట్టి కడిగి మళ్లీ వాడాలి." అలా పునరుజ్జీవన విభాగం ఏర్పడింది. దాని షెడ్డు తొట్లకి ఎగువన కట్టారు. అక్కడ వేపచెట్ల నీడ ఉంది, జీపు నిలపడానికి బాగుంటుంది. సోడా కలిపిన వేడినీళ్లలో తొక్కల్ని ఉతికితే పట్టిన రంగంతా వదిలేది. తొక్కలు తేటగా గోదాముకి వెళ్లేవి. ఉతికిన నీళ్లు కాలువలోకి వెళ్లేవి.

చిదంబరం రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున్నే షెడ్డుకి వెళ్లాడు.

"సార్, మీరు కడిగిన రంగు దిగువకి వస్తోందండి."

"రాదా మరి? కాలువ పల్లానికి పారుతుంది. అది నా నిర్ణయం కాదు."

"ఆ రంగునే మేం మళ్లీ తొక్కలకి పట్టిస్తున్నాం."

"అద్భుతంగా పట్టిస్తున్నారు. మీ రిపోర్టులు చూస్తూనే ఉన్నాను. అభినందనలు."

"ఆ తొక్కలే మళ్లీ మీ దగ్గరికి వస్తున్నాయి కదండీ."

"అందుకే దీన్ని చక్రీయ విధానం అన్నాం. చిదంబరంగారూ, మీ విభాగం పని రంగు తీయడం. అది ఎక్కడ పుట్టింది, దాని తల్లిదండ్రులెవరు అని విచారించడం కాదు. పరస్పర గౌరవం లేకపోతే రెండు విభాగాలు ఒక కాలువ మీద బతకలేవు. ఏమంటారు?"

మెడ ఊగింది.

ఆ వేసవిలో ఊళ్లోకి మిషను మీద రంగులేసిన చీరలు వచ్చిపడ్డాయి. అద్దకంవాళ్లు ఒక్కొక్కరే తొట్లు బోర్లించి వేరే ఊళ్లకి పనుల కోసం వెళ్లిపోయారు. కాలువలోకి చుక్క రంగు వదిలేవాడు ఊళ్లో లేడు. అయినా కాలువ రంగు పోలేదు. ఎరుపూ నీలమూ నలుపూ పసుపూ అన్నీ ఒకే షెడ్డులో కలిసి తిరిగి తిరిగి, ఏ అద్దకంవాడూ ఎన్నడూ కావాలని వేయని ఒక రంగుగా స్థిరపడ్డాయి. నేరేడుపళ్లు తిని పుక్కిలించి ఉమ్మితే వచ్చే రంగు. ఊరివాళ్లు దానికి గవర్నమెంటు రంగు అని పేరు పెట్టారు. మండలి ఆఫీసు కర్టెన్లు ఆ నీళ్లలో ఉతికితే ఆ రంగే పట్టింది. చైర్మన్ గారు చూసి "హుందాగా ఉంది" అన్నారు. గోడలకీ అదే వేయించారు.

సమీక్షా సమావేశంలో ఆయన మళ్లీ కళ్లజోడు తీశారు. "ఈ ఊళ్లో తాతల కాలం నుంచీ వాడిన రంగంతా కలిపినా, మనం ఈ ఏడాదిలో తీసిన రంగుకి సాటి రాదు. అద్దకాలు ఆగిపోయినా మన లక్ష్య సాధన ఆగలేదు. బయటివారి రంగు మీద ఆధారపడే దుస్థితి పోయి స్వయంసమృద్ధి సాధించాం."

అందరితోపాటు చిదంబరం కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టాక తన రెండు అరచేతుల్ని, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

ఊళ్లో తొక్కలు వసూలు చేయడానికి మండలి వేసిన తొక్కల దళం మాణిక్యమ్మ హోటలుకి వచ్చినప్పుడు అతను అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. దళం అధికారి మర్యాదస్తుడు. చెప్పులు బయట విప్పి మరీ లోపలికి వచ్చాడు.

"చట్నీకి మాకేం అభ్యంతరం లేదమ్మా. తొక్కకే."

"తొక్క లేకుండా కాయ కాస్తుందేంది నాయనా?"

"తొక్కతోనే కాయొచ్చు. ఒలిచిన వెంటనే తొక్కని మండలికి అప్పగించాలి. దగ్గర ఉంచుకోకూడదు. ఈ కుండ ఏంటి?"

"నీళ్ల కుండ. అది లేకపోతే నాకు ఇడ్లీ లేదు, ఇడ్లీ లేకపోతే నేను లేను. ఈ నీళ్లు బాగుచేయడానికేగా మీ ఆఫీసు పెట్టింది?"

"అవునమ్మా. అందుకే తొక్కలు మాకు కావాలి. ఒక్కొక్కరూ ఎవరి నీళ్లు వాళ్లే బాగుచేసుకుంటూ పోతే ప్రజల నీళ్లు బాగుచేసేదెవరు?" అధికారి కుండ మూతి చుట్టూ గుడ్డ కట్టి లక్క సీలు వేశాడు. "మాది కొత్త నిబంధనేం కాదు. మీ చిదంబరంగారు ఒప్పుకున్నదే."

మాణిక్యమ్మ చిదంబరం వైపు తిరిగింది. ఆమె కోపంగా చూడలేదు. నిజమేనా అన్నట్టు చూసింది. ఆ చూపుకి ఏదో ఒక జవాబు చెప్పాలని అతను లోపల వెతుక్కుంటుండగానే మెడ ఊగిపోయింది.

మర్నాడు అతను వచ్చి కూర్చుంటే ఆమె ప్లేటు తెచ్చి ముందు పెట్టింది. నేరేడు రంగు ఇడ్లీలు.

"తిను నాయనా. ఇవి మీ ఆఫీసువే."

అతను తిన్నాడు. రుచిలో తేడా లేదు. అదే భరించలేకపోయాడు. హోటల్లో ఇంకెవరూ లేరు. "తెనాలికి ఫోను చేశాను," అంది మాణిక్యమ్మ, పక్క బల్ల తుడుస్తూ. "ఈ నెల చూసి వచ్చేస్తానని చెప్పాను. మంచం కిటికీ పక్కన వేయించమన్నాను. కాలక్షేపానికి."

ఆ సాయంత్రం సాంకేతిక సలహాదారు చిదంబరం మండలి గోదాములోంచి మూడు గిన్నెల క్యారియర్ పట్టుకుని బయటికి వస్తుంటే, గేటు దగ్గర వాచ్‌మన్ ఇస్సాకు ఆపాడు.

"సార్, మీ క్యారియర్ గలగలమంటోంది."

"అన్నం... ఎండిపోయింది."

"పొద్దున తెచ్చిన అన్నం సాయంత్రానికి గలగలమంటే మీకెవరో కీడు తలపెట్టారు సార్," అని ఇస్సాకు మూత తీసి చూశాడు. నాలుగువైపులా చూశాడు. మూత పెట్టేశాడు. "మా ఇంటి వెనక కూడా బావి ఉంది సార్. మా ఆవిడ తెల్లచీర కట్టడం మానేసింది."

చిదంబరం ఒక గిన్నె అక్కడే ఖాళీ చేశాడు. జీవితంలో అతను చేసిన మొదటి దొంగతనం అది. ఇంటికి నడుస్తూ తన లోపలికి చూసుకుంటే భయం కనపడలేదు. ఎక్కడో మూల చిన్న ఉత్సాహం కనపడింది. దాన్ని చూసి ఎక్కువ కంగారుపడ్డాడు.

సీలు వేసిన కుండ సీలు వేసినట్టే ఉంది. మాణిక్యమ్మ బియ్యం డబ్బా వెనక ఇంకో కుండ పెట్టింది. క్యారియర్‌లో పట్టే తొక్కలతో బిందెడు నీళ్లు తేరేవి. బిందెడు నీళ్లతో హోటలు నడవదు. రోజుకి నాలుగు ప్లేట్ల తెల్ల ఇడ్లీలు వచ్చేవి. వాటిని ఆమె పాతవాళ్లకి రహస్యంగా, సారాయి అమ్మినట్టు అమ్మేది.

అలాంటి సమయంలో ఢిల్లీ నుంచి మూల్యాంకన బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. వాళ్లకి నచ్చితే వర్ణ విముక్తిని అన్ని జిల్లాల్లో, అన్ని కాలువల మీదా అమలు చేస్తారు. బృందానికి పెద్ద డాక్టర్ సౌదామిని. తెలుగావిడే.

చైర్మన్ గారు చిదంబరాన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఒక గ్లాసు తెల్లటి నీళ్లు కావాలయ్యా."

"మన తొట్లలోంచి ఇప్పుడు తెల్లగా రావడం లేదండి. కడిగి కడిగి తొక్కలు అరిగిపోయాయి. పైనుంచి వచ్చే రంగు చిక్కబడింది."

"కారణాలు నాకెందుకు? గ్లాసు చాలు. బజారు సీసా నీళ్లు తేకు, ఆవిడ దగ్గర ఏదో యంత్రం ఉందట, ఇక్కడి నేల ఉప్పు ఉందో లేదో చెప్పేస్తుందట. ఈ ఊరి నీళ్లే కావాలి, తెల్లగా ఉండాలి. నీ మీద నాకు నమ్మకముంది. నీ అంతటి సహకారం నేను ఎవరిలోనూ చూడలేదు."

ఆ ఊళ్లో అలాంటి నీళ్లు దొరికే చోటు ఒకటే.

"నీళ్లు ఇస్తాను," అంది మాణిక్యమ్మ అంతా విని. "కానీ నేనే మోసుకొస్తా. నా కుండకి సీలు వేయించినవాళ్లు నా నీళ్లు చూసి ఏమంటారో చెవులారా వినాలి. విని, ఆ మధ్యాహ్నం బండికే తెనాలి వెళ్లిపోతా."

మర్నాడు నేరేడు రంగు గోడల మధ్య, నేరేడు రంగు కర్టెన్ల ముందు, బల్ల మీద పెట్టిన గ్లాసు కొత్తగా కడిగిన కిటికీలా మెరిసింది. డాక్టర్ సౌదామిని యంత్రంతో పరీక్షించి, గ్లాసుని వెలుతురులోకి ఎత్తింది. గుమ్మం దగ్గర మాణిక్యమ్మ బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. గుమ్మం పక్కనే ఆమె సంచి.

"బాగున్నాయి," అంది సౌదామిని. "ఇవి మీ తొట్లలో శుద్ధి చేసినవేనా?"

చైర్మన్ గారు చిదంబరం వైపు చూశారు. భుజంగరావు చూశారు. ఆ చూపుల బరువు అతనికి పరిచయమే. వాటికింద మెడ దానంతటదే కదులుతుంది. కదిలాక హాయిగా ఉంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, తండ్రి కుర్చీలో వెనక్కి వాలతాడు. ఊపు బయల్దేరడం అతనికి స్పష్టంగా తెలిసింది. వెన్నులోంచి వస్తోంది. చిదంబరం కుడిచెయ్యి గడ్డం కింద పెట్టుకుని, గట్టిగా పట్టుకున్నాడు.

"కాదండి," అన్నాడు. "అవి ఈ మాణిక్యమ్మగారి వంటింటి నీళ్లు. ఆవిడ కుండకి మేం సీలు వేశాం. ఇవి రెండో కుండవి. అందులోని తొక్కలు నేను మన గోదాములోంచి దొంగిలించినవి."

గడ్డం కింది చెయ్యి తీయలేదు.

"ఇంకో మాట. ఊళ్లో అద్దకాలు ఆగి చాలాకాలమైంది. కాలువలో ఉన్న రంగు మేం పోస్తున్నదే. తీసి, కడిగి, మళ్లీ పోసి, మళ్లీ తీస్తున్నాం. మేం ఆపేస్తే కాలువ తనంతట తానే తేరుకుంటుంది."

ముందుగా తేరుకున్నది భుజంగరావు. "ఆపడం అనేది పథకంలో ఎక్కడా లేదు."

"లేదు," అన్నారు చైర్మన్ గారు, కోపం కంటే ఎక్కువ బాధతో. "కాలువ తనంతట తాను బాగుపడితే ఆ ఫలితం ఎవరి పేరున రాస్తామయ్యా? కాలువ పేరునా?"

అందరూ సౌదామిని వైపు తిరిగారు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. "మీరు చెప్పేది అర్థమైంది, చిదంబరంగారూ. కానీ ఏమీ చేయకపోవడాన్ని నేను సిఫార్సు చేయలేను. మా నివేదికలో దానికి గడి లేదు."

గుమ్మం దగ్గర మాణిక్యమ్మ బిందె కిందపెట్టి సంచి అందుకుంది. ఆ కదలిక చిదంబరం కంటికొసకి అందింది. ఆమె వెళ్లిపోతోంది. రేపటి నుంచి ఆ పొయ్యి వెలగదు. గడ్డం కింద చెయ్యి అలాగే ఉండగా అతని మనసు ఆఫీసు ల్యాబులోకి పరిగెత్తింది. అక్కడ అరలో వరసగా సీసాలు. చివర ఒక సీసా, ఎప్పుడూ ఏమీ కలపనిది. అది పక్కన లేకపోతే ఏ పరీక్షా చెల్లదు. తన పాతికేళ్ల ఉద్యోగంలో ఎవరి జోక్యమూ లేనిది ఆ సీసా ఒక్కటే. ఈ గదిలో ఏదీ ఆగదు. కానీ ఏదైనా మొదలవుతుంది.

"నేను సరిగ్గా చెప్పలేదండి," అన్నాడు. "ఆపమనలేదు. శూన్య దశ ప్రారంభించమంటున్నాను."

"శూన్య దశా?" చైర్మన్ గారు కళ్లజోడు తీశారు.

"ప్రతి ప్రయోగానికీ ఏమీ కలపని సీసా ఒకటి పక్కన పెడతాం. పోల్చి చూడటానికి. మన పథకానికి ఆ దశ జరగనే లేదు. అది జరగకపోతే మనం ఇప్పటిదాకా సాధించినదంతా శాస్త్రీయంగా చెల్లదు."

"చెల్లదా!"

"చెల్లదండి."

సౌదామిని కాగితాలు తిరగేసింది. "పోలిక దశ. దానికి గడి ఉంది," అంది. ఆవిడ పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలి సర్దుకుంది.

"దానికి ప్రారంభోత్సవం ఉంటుందా?" అడిగారు చైర్మన్ గారు.

"తప్పకుండా ఉంటుందండి."

"బోర్డు?"

"పాతదానికంటే పెద్దది పెట్టొచ్చు."

భుజంగరావు గొంతు సవరించుకున్నారు. "మరి పునరుజ్జీవన విభాగం సంగతి?"

"శూన్య దశకి అధిపతి మీరేనండి. ఎవరూ తొక్క తడపకుండా, చుక్క నీళ్లు కాలువలోకి వదలకుండా, ఏ పనీ జరగకుండా చూడాలి. పనిచేయించడం ఎవరైనా చేస్తారు. ఇంతమంది చేత ఏమీ చేయించకుండా ఉండటానికి అనుభవం కావాలి."

భుజంగరావు నిటారుగా కూర్చున్నారు. "అది నిజమే."

"అలాగే పోల్చి చూడటానికి బయట ఒక చిన్న కేంద్రం కూడా కావాలి. మాణిక్యమ్మగారి కుండ ఉండనే ఉంది. సీలు తీసి, తొక్కలు మనమే సరఫరా చేస్తే..."

బల్ల చుట్టూ తలలు ఊగడం మొదలైంది. చైర్మన్ గారిది, భుజంగరావుది, ఇంకా పేరు తెలియని ఇద్దరిది. చిదంబరం తన ముందు అన్ని తలలు ఒకేసారి ఊగడం ఎన్నడూ చూడలేదు. బయటి నుంచి చూస్తే ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాడు. కొంచెం భయమేసింది. అప్పుడు గడ్డం కింద చెయ్యి తీశాడు.

"ఏందయ్యా జరిగింది?" అని గుమ్మంలో మాణిక్యమ్మ పక్కనున్న ఇస్సాకుని అడిగింది.

"ఏమీ జరగదంటమ్మా ఇక," అన్నాడు ఇస్సాకు. "మంజూరైంది."

శూన్య దశ బ్యాండు మేళంతో మొదలైంది. షెడ్డు తలుపుకి రిబ్బను కట్టి, తలుపు మూసి, కత్తిరించారు. వాడిన తొక్కలన్నిటినీ గోనెసంచుల్లో కట్టి, తడవకుండా కప్పు కింద పేర్చారు. తొక్కల దళం అధికారి చెప్పులు విప్పి హోటల్లోకి వచ్చి, తను వేసిన సీలు తనే గోటితో గీకి తీశాడు. మొదటి వాన పడేసరికి కాలువ నేరేడు రంగు బూడిద రంగైంది. రెండు వానలకి మట్టిరంగు. తర్వాత ఒక పొద్దున అడుగున ఉన్న గులకరాళ్లు కనపడ్డాయి, వాటి మీద నుంచి ఒక చేపపిల్ల, ఎవరి అనుమతీ లేకుండా, ఎదురీదుతూ వెళ్లింది. బావి కాలువ కంటే కాస్త ఆలస్యంగా, ఎప్పటిలాగే, దారిలో పడింది.

శూన్య దశ సాధించిన ఫలితం మిగతా దశలన్నిటినీ మించిపోయిందని ఢిల్లీ ప్రశంసించింది. దాన్ని శాశ్వతం చేశారు, సిబ్బందిని రెట్టింపు చేశారు. రెట్టింపైన సిబ్బందికి పగలంతా ఏ పనీ చేయకుండా ఉండాల్సి వచ్చింది. ఆ పని ఆఫీసులో కూర్చుని చేయడం చాలా కష్టం. అందుకని పొద్దున తొమ్మిదింటికల్లా మండలికి మండలే మాణిక్యమ్మ హోటల్లో ఉండేది. ఆమె ఇంకో పొయ్యి పెట్టింది. తెనాలికి ఫోను చేసి, "ఆ మంచం తీసేయవే, అడ్డం," అని చెప్పింది.

ఆ రోజు కూడా అన్ని బల్లలూ నిండి ఉన్నాయి. ఇడ్లీలు విరజాజుల్లా ఉన్నాయి. ఇడ్లీల తర్వాత కాలక్షేపానికి ఉడికించిన శనక్కాయలు తెప్పించుకుని, ఒలుచుకు తింటూ, తొక్కలు నేల మీద పారేస్తున్నారు. మాణిక్యమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"కాళ్లెత్తండయ్యా! మీ జాతి సంపద తొక్కుకుంటూ నడవలేకపోతున్నా."

చైర్మన్ గారు కాళ్లెత్తి కూర్చుని, ఎదురుగా ఉన్న చిదంబరం వైపు వంగారు. "ఒక ఆలోచన వచ్చిందయ్యా. ఈ సాంబారు వాసన వీధి చివరిదాకా వస్తోంది. అంటే గాలిలోకి వెళ్లిపోతోంది. దాన్ని పట్టి ఉంచే తొక్క ఏదైనా ఉంటుందంటావా? అరటిదో, బత్తాయిదో? జిల్లావ్యాప్తంగా..." ఆయన చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లింది.

చిదంబరం వెన్నులోంచి పాత ఊపు బయల్దేరింది. అది పూర్తిగా పోయిందని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఈసారి దానికి ఎదురెళ్లి దారిలోనే కలుసుకున్నాడు.

"తినండి సార్, చల్లారిపోతోంది," అని ఆయన ప్లేటు ముందుకి జరిపాడు.

చైర్మన్ గారు కళ్లజోడు వదిలేసి చెంచా అందుకున్నారు.

పెరట్లో చూరు కింద ఆ మొదటి గోనెసంచి ఇంకా అలాగే ఉంది. దాని సంగతి ఆలోచించాలి. ఆలోచిస్తూ చిదంబరం ఒక శనక్కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకుని, తొక్కని చూసుకోకుండా ముందున్న గ్లాసులో వేశాడు. వేశాక చూసి, ఏమవుతుందోనని అలవాటుగా గ్లాసుని వెలుతురులోకి ఎత్తాడు. ఏమీ కాలేదు. తీయడానికి రంగేమీ లేక, తొక్క ఊరికే తేలుతూ ఉంది.